టవరుకో మరుగు

ఆ రోజుకు ప్లానింగ్ సెక్షన్ అసిస్టెంటు వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున పురపాలక కార్యాలయంలో ప్రజాభిప్రాయ సభ, భోజనాల వేళకల్లా సెల్ టవర్ల కొత్త నియమాలకు ఆమోదం, సాయంత్రం భార్యతో కలిసి ఇంకో అద్దె ఇల్లు చూసి రావడం. ఇప్పుడున్న ఇంట్లో అన్నీ ఉన్నాయి, సిగ్నల్ తప్ప. ఆవిడ పుట్టింటికి ఫోను చేయాలంటే బాల్కనీలో స్టూలెక్కి, ఒక చేత్తో కిటికీ ఊచ పట్టుకుని, తల కుడివైపుకు వాల్చి మాట్లాడాలి. కింద వీధిన పోయేవాళ్ళు ఆవిడకేదో పెద్ద కష్టం వచ్చిందనుకుని నిట్టూర్చి వెళ్ళేవారు.

"ఏవండీ, ఈసారైనా గట్టెక్కుతారా?" అంది ఆవిడ స్టూలు మీద నుంచే.

"ఈ సభ కూడా చెడితే నా ప్రొబేషన్ పొడిగిస్తానన్నారు కమిషనర్ గారు. అది పొడిగిస్తే ఇల్లు మారే మాట మర్చిపో."

"అయితే గట్టెక్కి రండి. నా మెడ పట్టేసింది."

ఆ ఊరి నియమాలు, టవరంటే నీళ్ళ ట్యాంకొక్కటే అనుకునే కాలంలో రాసినవి. వాటిని మార్చడానికి ఇదివరకు రెండు సభలు పెట్టారు. మొదటి సభలో టవరు వద్దని జనం కుర్చీలెత్తారు. రెండో సభలో సిగ్నల్ రావడం లేదని అదే జనం అవే కుర్చీలెత్తారు. రెండుసార్లూ ముందు నడిచింది రిటైరైన లెక్కల మాస్టారు. ఏ పనికైనా అడ్డం చెప్పనిదే ఆయనకు అన్నం సహించదు. అందుకే ఊరంతా ఆయన్ని అడ్డం మాస్టారంటుంది.

ఈసారి మాట తేలిగ్గా ఉంటే గొడవ ఉండదని అసిస్టెంటు నమ్మకం. పాత చిత్తుప్రతిలో "దూరవాణి స్తంభములకు దృశ్యాచ్ఛాదన నిర్మాణము అనివార్యము" అని ఉంది. తన పుట్టింట్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాడు అసిస్టెంటే. దర్జీ పని చేసే తండ్రికి ఆ వాక్యం చదివి వినిపిస్తే, "ఎవరికిరా జబ్బు?" అని కంగారుపడ్డాడు. దాంతో అసిస్టెంటు ఆ వాక్యాన్ని కొట్టేసి, "ప్రతి టవరుకూ మరుగు తప్పనిసరి" అని రాశాడు. టవరు వికారంగా కంటబడకుండా చుట్టూ గోడ కట్టి మరుగు చేయాలని దాని భావం. నాలుగు మాటల్లో పని తీరిందని మురిసిపోయి, ఊళ్ళో చాటించమని మైకు బండివాడికి ఇచ్చాడు.

కాసేపటికి కార్యాలయం కిటికీలోంచి మైకు వినబడింది.

"మహాజనులారా! వీధివీధికీ సెల్ టవరు! ప్రతి టవరుకూ మరుగుదొడ్డి తప్పనిసరి! రండి, సభలో మీ అభిప్రాయం చెప్పండి!"

అసిస్టెంటు గుండె జారి చెప్పుల్లో పడింది. ఆ చెప్పులు సగమే తొడుక్కుని పరుగెత్తి, కూరగాయల మార్కెట్టు మలుపులో బండిని పట్టుకున్నాడు.

"ఏం చదువుతున్నావయ్యా నువ్వు?"

"మీరు రాసిందే సార్. మరుగు దగ్గర ఆగిపోయారు. ఆఫీసువాళ్ళు కదా, మిగతాది రాయడానికి సిగ్గుపడ్డారనుకున్నా. దొడ్డి నా తరఫున కలిపాను," అన్నాడు మైకువాడు గొంతు తగ్గించి. "పర్లేదు, మీరు మర్చిపోయారని ఎవరికీ చెప్పను."

"అది సగం మాట కాదు, పూర్తి మాటే! ముందు సవరించి చదువు!"

మైకువాడు గొంతు సవరించుకున్నాడు. "మహాజనులారా! సవరణ! టవరుకు మరుగుదొడ్డి రద్దు! మరుగు ఒక్కటే!"

అంతవరకు సగం మంది విన్నారో లేదో గాని, రద్దన్న మాట మాత్రం మార్కెట్టంతా విన్నది. తక్కెళ్ళు ఆగిపోయాయి. ఆకుకూరలమ్మే పెద్దమ్మ మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని లేచి నిలబడింది.

"ఇచ్చి ఇంకా చేయి వెనక్కి తీయలేదు, అప్పుడే లాక్కున్నారా? పదండే, అడుగుదాం!"

సభ మొదలయ్యేసరికి ముందు వరసలన్నీ మార్కెట్టు ఆడవాళ్ళతో నిండిపోయాయి. వెనక గోడకు టవరు కంపెనీ ప్రతినిధి బల్లిలా అంటుకుపోయి నిలబడ్డాడు. అడ్డం మాస్టారు తన బలగంతో వచ్చి, చోటు లేక గుమ్మంలోనే గొంతెత్తారు.

"టవరు వద్దు! టవరు వల్ల తలనొప్పి, నిద్రలేమి..."

"వద్దంటే దొడ్డి నువ్వు కట్టిస్తావా మాస్టారూ?" అంది పెద్దమ్మ వెనక్కి తిరిగి. "చీకటితో వస్తాం, చీకటితో పోతాం. మధ్యలో గొంతు తడుపుకోవాలన్నా భయమే మాకు. తడుపుకుంటే ఎక్కడికి పోవాలి? నీ తలనొప్పి కన్నా మాది పెద్ద నొప్పి."

"సిగ్గులేకుండా సభలో..."

"ఏమండీ," అంది మూడో వరసలోంచి ఒక గొంతు. అది మాస్టారి భార్యది. చేతిలోని కూరల సంచీ ఒళ్ళోకి లాక్కుని పక్కన చోటు చేసింది. "వచ్చి కూర్చోండి."

మాస్టారు ఉద్యోగంలో ఉండగా ఎంతోమందిని కూర్చోబెట్టారు గాని, అంత చప్పున ఏ పిల్లవాడూ కూర్చోలేదు.

"మాకు టవరు కావాలి!" అన్నారు ఆడవాళ్ళందరూ. టవరు కావాలని జనం అరవడం ఆ కార్యాలయంలో అదే మొదలు. కమిషనర్ గారు అసిస్టెంటు చెవి దగ్గర వంగి, "ఏం మంత్రం వేశావయ్యా?" అన్నారు.

నోరు మూసుకుంటే చాలు, నియమం గట్టెక్కుతుంది, ప్రొబేషన్ తీరుతుంది, ఆవిడ స్టూలు దిగుతుంది. అసిస్టెంటు నోరు మూసుకుందామనే చూశాడు. కాని పెద్దమ్మ అతని వంకే చూస్తోంది. కొడుకు ఏదో చదువుకున్నాడని నమ్మి ఎంత పెద్ద కాగితం మీదైనా సంతకం పెట్టే తండ్రి చూపు అది. అతను లేచి నిలబడ్డాడు.

"పెద్దమ్మా, తప్పు నాదే. మరుగంటే దొడ్డి కాదు. టవరు కనబడకుండా చుట్టూ గోడ కడతారు, అంతే."

సభంతా చల్లబడిపోయింది. కమిషనర్ గారు కళ్ళు మూసుకున్నారు. పెద్దమ్మ మాత్రం ఆలోచనలో పడింది.

"చుట్టూ అంటే నాలుగు పక్కలా?"

"నాలుగు పక్కలా."

"తలుపుంటుందా?"

"ఉంటుంది. రిపేరువాళ్ళు వెళ్ళాలి కదా."

"లోపల కరెంటు?"

"కరెంటు లేందే టవరెలా పనిచేస్తుంది పెద్దమ్మా?"

"నాలుగు గోడలున్నాయి, తలుపుంది, దీపముంది. ఇంకో రెండు గదులు తీసి, ఓ కుళాయి పెట్టడానికి ఏం రోగం నాయనా మీకు?"

అసిస్టెంటు కమిషనర్ గారి వైపు చూశాడు. కమిషనర్ గారు కంపెనీ ప్రతినిధి వైపు చూశారు. రెండు సభల్లో కుర్చీలు తప్పించుకున్న ఆ ప్రతినిధి, ఆలస్యం చేస్తే అమృతం విషమవుతుందని భయపడ్డవాడిలా, "గదులు మేం కడతాం సార్! కుళాయి మీరు వేయించండి చాలు!" అని అరిచాడు. చేతులెత్తమంటే అందరూ ఎత్తారు. అడ్డం మాస్టారి చేయి కూడా లేచింది. అలవాటు కొద్దీ అడ్డం చెప్పడానికే లేచిందాయన చేయి, కాని పక్కన భార్య ఉండటంతో ఒప్పుకోలు కిందే లెక్కకొచ్చింది.

మార్కెట్టు పక్కన టవరు లేచింది. చుట్టూ మరుగు, ఓ వైపు ఆడవాళ్ళకొక గది, ఇంకో వైపు మగవాళ్ళకొక గది. అసిస్టెంటు ప్రొబేషన్ తీరి, భార్య స్టూలు దిగి, ఇద్దరూ కొత్త ఇంట్లో చేరిన వారానికే పెద్దమ్మ మళ్ళీ కార్యాలయం మెట్లెక్కింది.

"బాబూ, ఊరు మొత్తం మీద సిగ్నల్ ఆ గదుల్లోనే బ్రహ్మాండంగా వస్తోంది. మా కోడలు లోపలికెళ్ళి పుట్టింటికి ఫోను కలిపిందంటే, బయట మేం కాళ్ళు మార్చుకుంటూ నిలబడాలి. అటు పక్కన ఇంకా ఘోరం. ఆ అడ్డం మాస్టారు తలుపేసుకుని, టవర్ల వల్ల వచ్చే జబ్బుల గురించి వాళ్ళ బావమరిదికి గంటల తరబడి చెబుతున్నాడు."

ప్రొబేషన్ పూర్తయిన అసిస్టెంటుకు కమిషనర్ గారు అప్పగించిన మొదటి పని, ఆ గదుల్లోకి వచ్చే సిగ్నల్‌కు మరుగు కట్టే నియమం రాయడం.