ఒంటె జీపు వెనక పాలట్యాంకు

ఆ రోజు పొద్దున శివరాజ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి ముళబాగిలు చేరాలి, పదింటికి ట్యాంకు ఎక్కించుకోవాలి, పన్నెండుకల్లా బైరకూరులో ఇంటికొచ్చి రాగిముద్ద తినాలి. ఇందులో తప్పు పట్టడానికేమీ లేదు, జీపు సంగతి పక్కన పెడితే.

ఆ జీపుకు ఇరవై ఎనిమిదేళ్లు. కేజీఎఫ్‌లో పుట్టి పెరిగిన శివరాజ్, పెళ్లయ్యాక అత్తగారి పొలం చూసుకోవడానికి బైరకూరు వస్తూ వెంట తెచ్చుకున్న ఆస్తి అదొక్కటే. కొన్నప్పుడు అది అన్ని జీపుల్లాగే బుద్ధిగా నేలకు దగ్గరగా ఉండేది. తర్వాత కమానుల కింద ఇనుప దిమ్మెలు పెట్టించి, పెద్ద చక్రాలు వేయించి, దాన్ని మూరెడు పైకి లేపాడు. ఎందుకయ్యా అంటే గుట్టలెక్కడానికి అనేవాడు. బైరకూరు పనుల్లో గుట్టలెక్కే పనేదీ లేకపోవడంతో, జీపు ఎక్కడమే జనానికి గుట్టెక్కినంత పనైంది. అతని భార్య నేత్రావతి పాలు పిండే పీట వేసుకుని ఎక్కేది. ఊరివాళ్లు దానికి ఒంటె అని పేరు పెట్టారు.

నేత్రావతి మహిళా పాల సంఘానికి అధ్యక్షురాలు. పాలు చల్లబరిచే ట్యాంకు ఒకటి కావాలని రెండేళ్లు ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగింది. చివరికి ట్యాంకు ముళబాగిలు దాకా వచ్చి ఆగిపోయింది. బైరకూరు దారిలో మోరీ తవ్వి పెట్టారు, పెద్ద లారీ పోదు. రాగికోతల రోజులు కాబట్టి ఊళ్లో ట్రాక్టర్లు ఖాళీ లేవు. ట్రాక్టరు ఇంజను విప్పి పెట్టుకున్న నంజుండప్ప మాత్రం, "ట్రాక్టరు లేదు గానీ రెండు చక్రాల ట్రైలరు ఉండాది, తీస్కపోండి" అన్నాడు.

"లాగేదానికి మన జీపుండాది కదా!" అన్నాడు శివరాజ్. నాలుగేళ్లుగా ఈ మాట అనే అవకాశం కోసమే అతను కాచుకుని ఉన్నాడు.

నేత్రావతి అతని వంక తిరిగింది. "ఇదో, విను. వచ్చే సోమారం సాయంత్రం పాలు యెవురూ డెయిరీ వ్యానుకు పొయ్యొద్దు, మన ట్యాంకులోనే పోద్దామని ఆడోళ్లందరికీ చెప్పేసినా. జీపు కొంటానని మాలూరు మోహన్ మంగళారం పొద్దున వస్తాడు. పాలు పోసే టయానికి నీ జీపు ట్యాంకును తెచ్చిందా, ఆయప్పకు కాఫీ ఇచ్చి పంపిస్తా. తేలేదా, జీపునిచ్చి పంపిస్తా."

శివరాజ్ జీపును తీసుకుని వెల్డింగ్ పాండు షెడ్డుకు పరిగెత్తాడు. వారం రోజులు అక్కడే కాపురం. కమానుల్లో రెండేసి పట్టీలు ఎక్కువ వేయించాడు, బ్రేకులు మార్పించాడు, ట్రైలరు వెనక్కి ఎర్రలైట్లు లాగించాడు. అసలు చిక్కు కొక్కెం దగ్గర వచ్చింది. జీపు కొక్కెం రొమ్ము ఎత్తున ఉంది, ట్రైలరు మూతి మోకాలి ఎత్తున ఉంది. రెండింటికీ సంబంధం కుదరాలంటే జీపు వెనక కిందికి దిగే ఇనుప చట్రం ఒకటి అతకాలి.

"అన్నా," అన్నాడు పాండు అద్దం పైకెత్తి, "జీపును మూరెడు లేపినావు. ఇప్పుడు కొక్కేన్ని మూరెడు దించమంటాండావు. జీపునే దించేస్తే పోదా?"

"అది తప్ప ఇంగేమైనా చెప్పు."

"అయితే ఇది గుర్తుపెట్టుకో. బరువు కొంచెం ముందరికే ఉండాల. వెనకాల బరువైతే ట్రైలరు మూతి పైకి లేస్తాది, నీ జీపు వెనక చక్రాలను కూడా లేపుతాది."

ఈ మహత్కార్యం చూడడానికి శివరాజ్ తండ్రి ముత్యాలప్ప ముందురోజే కేజీఎఫ్ ఛాంపియన్ రీఫ్ నుంచి దిగాడు. బంగారు గనిలో ముప్పై ఏళ్లు పనిచేసిన మనిషి. భూమ్మీద జరిగే ఏ పనీ ఆయన కంటికి పెద్దదిగా ఆనదు. ముళబాగిలు యార్డులో కొడుకు కురుడుమలె వినాయకుడికి దణ్ణం పెట్టుకుని జీపు ముందు టెంకాయ కొడితే, ఆయన చిప్ప తీసుకుని జీపులో కూర్చుని తినడం మొదలుపెట్టాడు.

తండ్రీకొడుకులు అలా భక్తిలో ఉండగానే పదింటికి రావాల్సి పన్నెండున్నరకు వచ్చిన క్రేన్‌వాడు ట్యాంకును ట్రైలరు మీదికి దించి, తాళ్లు బిగించి, ఇంకో పని ఉందని వెళ్లిపోయాడు. వెళ్లాక చూస్తే ట్యాంకు మోటారు, కంప్రెసరు ఉన్న బరువు వైపు ట్రైలరు తోక మీద ఉంది. పాండు చెప్పినట్టే మూతి లేచింది. ఒంటె వెనక కాళ్లు ఎత్తింది.

"నాలుగు చక్రాల బండంటివే, రెండే ఆనతాండాయి!" అన్నాడు ముత్యాలప్ప లోపలి నుంచి, ముందుకు జారిపోతూ.

ముందర ఐదారు క్వింటాళ్ల బరువు పెడితే సరిపోతుంది. కోలారు జిల్లాలో రాళ్లకు కొదవా? కానీ రాళ్లను ఎక్కించాలి, మళ్లీ దించాలి. శివరాజ్ చుట్టూ చూశాడు. ఎదురుగా బస్టాపులో బైరకూరు బస్సు కోసం పదిహేను మంది పొద్దుటి నుంచి నిలబడి ఉన్నారు. అతనికి మెరుపులాంటి ఆలోచన వచ్చింది. రాళ్లయితే మనం ఎక్కించాలి, మనం దించాలి. మనుషులైతే వాళ్లే ఎక్కుతారు, వాళ్లే దిగుతారు!

ఆ రెండో మాట దగ్గర అతను ఒక్క క్షణం ఆగి ఉంటే ఈ కథ ఉండేది కాదు.

పెళ్లి వంటలు చేసే దొడ్డమునియప్పను చూడగానే శివరాజ్‌కు ప్రాణం లేచొచ్చింది. మనిషి నూటపది కిలోలుంటాడు. వెంట ఉన్న తమ్ముళ్లిద్దరూ అన్నకు తీసిపోరు. సంతలో ఎద్దులను చూసినట్టు ముగ్గురినీ ఎగాదిగా చూసి, "రాండప్పా, ముందర కూర్చోండి, పెద్దోళ్లు" అంటూ చెయ్యి పట్టుకుని ఎక్కించాడు. మిగతా మగవాళ్లూ వాళ్ల పక్కనే సర్దుకున్నారు. మూతి దిగింది. జీపు వెనక చక్రాలు నేలకు ఆనాయి. శివరాజ్ ఆనందంతో వెళ్లి స్టీరింగ్ ముందు కూర్చున్నాడో లేదో, జీపు మళ్లీ తల వంచుకుంది.

దిగి పరిగెత్తి చూస్తే, బస్టాపులోని ఆడవాళ్లు ఎనిమిది మంది ఎక్కుతున్నారు. మగవాళ్లంతా మర్యాదగా లేచి వెనక్కి నడుస్తున్నారు.

"యాడికి పోతాండారప్పా?" అని అరిచాడు శివరాజ్.

"ముందర లేడీస్ సీట్లు కదా," అన్నాడు దొడ్డమునియప్ప నొచ్చుకుంటూ. "ఆడోళ్లు నిలబడుకోని ఉంటే మేం కూర్చునేది మర్యాదా?"

"ఇది బస్సు కాదు!"

"బస్సు కాదా?" అంది చేతిలో ఆధార్ కార్డు పట్టుకుని సిద్ధంగా ఉన్న అక్కయమ్మ. "అయితే మాకు ఫ్రీ లేదా?"

"అందరికీ ఫ్రీనే తల్లీ! మొగోళ్లు మాత్రం ముందర కూర్చోవాల."

"అంటే ఆడోళ్లు తోక కాడనా? ఏమి న్యాయమప్పా ఇది! మీ ఇంటామె సంఘానికి ప్రెసిడెంటంట, ఇంటికొచ్చి చెప్తాంలే."

ఆ మాట వినగానే శివరాజ్‌కు చెమట పట్టింది. అరగంట బతిమాలి ఆడా మగా అందరినీ ముందు వైపే కుక్కాడు. బయలుదేరేసరికి రెండయింది.

ఆ తర్వాత నడిచిన ఏడు కిలోమీటర్లు శివరాజ్ జీవితంలో బంగారు అక్షరాలతో రాయదగినవి. జీపు ఏనుగులా నడిచింది. ట్రైలరు బుద్ధిగా వెంట వచ్చింది. దారిన పోయేవాళ్లు ఆగి చూశారు. "చూసినావా నాయనా!" అన్నాడు. ముత్యాలప్ప కూడా మొదటిసారి తల ఊపాడు.

అప్పుడు వెనక నుంచి చప్పట్లు వినిపించాయి. "ఆపప్పా, ఆపు! మా ఊరు వచ్చేసింది."

నలుగురు దిగారు. ట్రైలరు తోక కాస్త ఊగింది. ఇంకో మలుపు దగ్గర అక్కయమ్మతో సహా ఐదుగురు లేచారు. శివరాజ్ చేతులు జోడించాడు. "దిగొద్దమ్మా! బైరకూరు దాకా రాండి, మళ్లీ నేనే తెచ్చి దిగబెడతా."

"మా ఊరు వచ్చినాక మీ ఊరికి యెందుకు రావాలప్పా? ఆవులు నువ్వు పిండుతావా?" అంటూ దిగిపోయింది అక్కయమ్మ.

ఇక ట్రైలరు పాములా ఆడుతోంది. శివరాజ్ నడక వేగానికి తగ్గించాడు. ఆశలన్నీ దొడ్డమునియప్ప మీదే ఉన్నాయి. కానీ పచ్చతోరణాలు కట్టిన ఒక ఇంటి ముందు ఆయన కూడా లేచి పంచె దులుపుకున్నాడు. శివరాజ్ దాదాపు కాళ్ల మీద పడబోయాడు.

"నేను దిగకుంటే రాత్రికి మూడొందల మంది పస్తుంటారప్పా," అన్నాడాయన జాలిగా. "కావాలంటే పెళ్లయినాక వస్తా, ఎల్లుండి." తమ్ముళ్లతో సహా దిగిపోయాడు. బస్టాపువాళ్లలో మిగిలిన ముగ్గురూ పెళ్లికే వచ్చామంటూ ఆయన వెనకే నడిచారు.

ఆ ఇంటి పక్కనే ఎత్తు మొదలైంది, బైరకూరు ఇంకా అర కిలోమీటరు. ట్రైలరు మూతి లేచింది, జీపు వెనక చక్రాలు గాల్లో తిరిగాయి. నాలుగున్నరయింది. ముత్యాలప్ప మెల్లగా దిగి, వెళ్లి ట్రైలరు మూతి మీద కూర్చున్నాడు. ఏమీ కాలేదు. ఆయన నలభై ఎనిమిది కిలోలు.

"గనిలోకి దించే కేజ్ ఎక్కితే ముప్పై మందిమి కలిసే దిగేవాళ్లం రా," అన్నాడు విచారంగా. "మధ్యలో యెవురూ దిగరు. మధ్యలో ఊర్లుండవు కదా."

శివరాజ్ స్టీరింగ్ మీద తల వాల్చేశాడు. జీపు పోతుందన్న దిగులు ఒక ఎత్తు. నేత్రావతి మాట నమ్మి ఈపూట పాలు వ్యానుకు పోయని ఆడవాళ్ల ముందు ఆమె తల దించుకుంటుందే అన్న దిగులు ఇంకో ఎత్తు. ఆ రెండోదే ఎక్కువ గుచ్చింది.

తల ఎత్తేసరికి ఎదురుగా నేత్రావతి నిలబడి ఉంది. ఆమె వెనక పాతిక మంది ఆడవాళ్లు, చేతుల్లో, నెత్తిన పాలక్యాన్లు. ఆలస్యమయ్యేసరికి వెతుక్కుంటూ వచ్చేశారు.

"ట్యాంకు ఊరికి రాకుంటే పాలే ట్యాంకు కాడికి వస్తాయిలే అని తీస్కొచ్చినాం," అందామె. గాల్లో ఉన్న చక్రాలను చూసింది, ట్రైలరు మూతిని చూసింది, మామగారిని చూసింది. ఎవరూ ఏమీ చెప్పనక్కరలేకపోయింది. "ఎక్కండక్కా అందరూ. క్యాన్లన్నీ ముందర పెట్టండి."

"నేత్రా, జీపు..." అని ఏదో అనబోయాడు శివరాజ్.

"జీపు అమ్మేది రేపటి మాట. ఈ పొద్దు అది మనింటి జీపు. పోనీ."

శివరాజ్ గేరు వేశాడు. నిండు క్యాన్ల మీద నిండుగా కూర్చున్న పాతిక మందితో జీపు నాలుగు చక్రాలూ నేలకు అదిమి, ఒక్క ఊపున ఎత్తు ఎక్కేసింది.

సంఘం గది ముందుకు వచ్చాక తేలిందేమిటంటే, గది వాకిలి వెడల్పు ట్యాంకు కన్నా జానెడు తక్కువ. కొలతలు తీసినవాళ్లు మోటారును లెక్కలో వేసుకోలేదు. అవతల పాలు ఆగవు. మూతి లేవకుండా జీపు వెనక నీళ్ల డ్రమ్ములు ఎక్కించి, ట్రైలరును అరుగుకు ఆనించి, గదిలోంచి వైరు లాగి, ట్యాంకును ట్రైలరు మీదే నడిపించారు. ఆడవాళ్లు అరుగు మీద నిలబడి పాలు పోశారు. ఒకరి తర్వాత ఒకరు ట్యాంకు మీద చెయ్యి పెట్టి చల్లదనం చూసి, పక్కవాళ్ల చెంపకు ఆనించి నవ్వుకున్నారు.

అన్నం దగ్గర శివరాజ్ తనే అన్నాడు. "ట్యాంకును తెచ్చింది జీపు కాదు, మీరు. మోహన్‌ను రానీ."

నేత్రావతి గిన్నె అందుకుంది. ముద్దలో ఇంకాస్త నెయ్యి వేసింది.

మోహన్ పొద్దున్నే వచ్చాడు. జీపు చుట్టూ రెండుసార్లు తిరిగాడు, బాగా నచ్చింది. ట్రైలరు విప్పుదామని కొక్కెం మేకు సగం లాగాడు. ట్రైలరు కిర్రుమంది. తోక బెత్తెడు కుంగింది. ఊరి పాలన్నీ ట్యాంకులో గలగలమన్నాయి. అరుగు మీది ఆడవాళ్లు ఒక్కసారిగా కేక పెట్టారు.

"చెయ్యి తియ్యప్పా!" అంటూ నేత్రావతి ఎగిరొచ్చి మేకును లోపలికి తోసేసింది.

"నువ్వే కదమ్మా ఫోన్ చేసి రమ్మంటివి!"

"నేనే చేసినా. జీపు విప్పితే ట్యాంకు వెనక్కి పడతాది. కొత్త గది శాంక్షన్ అయ్యేదాకా జీపు యాడికీ రాదు."

"వెనకాల నాలుగు రాళ్లు పేర్చి..."

"ఊరి పాలన్నీ రాళ్లను నమ్మి పెట్టమంటావా?" అంది నేత్రావతి, బానెట్ మీద చెయ్యి వేసి. "ఇది మా ఆయన తయారుచేసిన జీపు. కాఫీ తాగి పో అప్పా."

శివరాజ్ జీపు అలా నిలిచింది. గది శాంక్షన్ ఇంకా కాలేదు. దానికి పొద్దున్నే పసుపు కుంకుమ పెడతారు, సాయంత్రం నీళ్లతో కడుగుతారు, ఒంటె అని ఎవరూ అనరు.

ఇంజను స్టార్టు చేయాలంటే మాత్రం శివరాజ్‌కు సంఘం తీర్మానం కావాలి.