వీరుడికి ఒక నిమిషం

వీరుల్ని సన్మానించడంలో అన్నిటికంటే పెద్ద అడ్డంకి వీరులేనని మా కాలనీ సంఘం ఎట్టకేలకు కనిపెట్టింది. తక్కిన ఏర్పాట్లన్నీ వాళ్లు లేకుండానే సాఫీగా సాగిపోతాయి.

ఈ ఏడాది వీరుడు మా మామగారు. యుద్ధంలో పతకం వచ్చినవారు. సన్మానం చేస్తామని అధ్యక్షులవారు ఇంటికొచ్చి చెబితే ఆయన వద్దనలేదు. మైకులో తనని రెండు మాటలు చెప్పనిస్తే చాలన్నారు. కాల్లో తూటా దిగి పడివున్న ఆయన్ని వీపున వేసుకుని మోసుకొచ్చింది వాళ్ల దళంలో వంట చేసే మనిషి. ఇంకొకరి కోసం మళ్లీ వెళ్లి, ఆ మనిషి తిరిగి రాలేదు. పతకం మాత్రం మామగారికొచ్చింది. వంటాయన సంగతి ఇన్నేళ్లలో ఏ సభలోనూ ఎవరూ ఎత్తలేదు.

దానికేం భాగ్యం అని అధ్యక్షులవారు ఉపసంఘం వేశారు.

ఉపసంఘం కార్యక్రమం ఖరారు చేసింది. ముందు స్వాగతం. తర్వాత స్వాగతం చెప్పినవారికి అభినందన. ఆపైన వేదిక మీది పెద్దల్ని పరిచయం చేసేవారి పరిచయం (ఈయన్ని ఎరగనివారు లేరు కనక క్లుప్తంగా అరగంట). పిమ్మట కోశాధికారి చెప్పే వీరగాథ. అందులో మామగారు ఒంటిచేత్తో వంతెన పేల్చేశారు. తమది వంతెనలు కట్టే దళమని ఆయన మనవి చేసుకుంటే, ఉపసంఘం అత్యవసరంగా సమావేశమై, కట్టడానికి చప్పట్లు సరిగా పడవని తేల్చింది. తన గాథలో మార్పులు కోరే వీరుడు నెల ముందే రాసివ్వాలట.

"పోనీ, పేల్చాననే అనుకోండి. నా రెండు మాటలూ ఎక్కడ?" అన్నారు మామగారు.

అంతా వెతికారు. సందు లేదు. చివరికి ఆయన మీది గౌరవంతో వందన సమర్పణలో ఒక నిమిషం కేటాయించారు (దాంతో తన సన్మానానికి తనే కృతజ్ఞతలు చెప్పుకునే ఏర్పాటూ జరిగిపోయింది).

ఆ సాయంత్రం వేదిక మీద కుర్చీలు చాలక వీరుణ్ణి ముందు వరసలో కూర్చోబెట్టారు. అది దాతల వరసని గుర్తొచ్చి వెనక్కి పంపారు. అలా వరసా వరసా దిగి ఆయన నా పక్కకొచ్చి కూర్చున్నారు.

"అమ్మాయ్, ఇంతకీ ఎవరికి సన్మానం?" అన్నారు మెల్లిగా.

"తెలీదు మామయ్యగారూ. భోజనాలు బావుంటాయట, అందుకొచ్చాను."

వందన సమర్పణ వేళకి సగం సభ కంచాలు పట్టుకుని నిలబడింది. మామగారు మైకు అందుకుని గొంతు సవరించుకున్నారు.

"ఇవాళ నేనిలా మీ ముందు నిలబడ్డానంటే, అదంతా మా వంటాయన చలవే."

హాలు దద్దరిల్లిపోయింది. వంతెనక్కూడా అన్ని చప్పట్లు పడలేదు. అది కాదంటూ మామగారు చెయ్యెత్తేసరికి చప్పట్లు ఇంకా హెచ్చాయి, నిమిషం అయిపోయింది. అధ్యక్షులవారు మైకు పుచ్చుకుని, వంట అమోఘమన్న వీరుడి మాటతో సంఘం పూర్తిగా ఏకీభవిస్తోందని ప్రకటించారు. కేటరింగ్ ఆయన గరిటె పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని వేదికెక్కి, పూలగుత్తి అందుకున్నాడు.

వచ్చే ఏటి సన్మానం ఆయనకే చేయాలని అక్కడికక్కడే తీర్మానించారు. వ్యతిరేకంగా ఒక్క చెయ్యే లేచింది. సంఘం నిబంధనల ప్రకారం వీరులకు ఓటు లేదు.