వంటవాడు కొండ దిగాడా?

సినిమా చూశాక సమీక్ష రాయడం పాతకాలపు చాదస్తం. చూడకుండా రాయడమే ఉత్తమ పద్ధతి. చూస్తే పక్షపాతం వస్తుంది!

నవ్వకండి. ఈ కాలం మనకిచ్చిన వరాల్లో పెద్దది ఇదే. మా ఆఫీసు హెడ్ క్లర్కు టికెట్ తీసుకోకముందే ఫోన్లో రెండున్నర స్టార్లు ఇచ్చేస్తారు. మా బార్బరు సగం గడ్డం గీసి, మిగతా సగం నురగతో నన్ను కూర్చోబెట్టి, ఇంకా షూటింగే మొదలవని సినిమాలో క్లైమాక్స్ తేలిపోయిందని తేల్చేశాడు. మెడ దగ్గర కత్తి ఉంది కాబట్టి నేనూ ఒప్పుకున్నాను.

అయితే వీళ్ళంతా నిన్నగాక మొన్న వచ్చినవాళ్ళు. ఈ విద్యలో నేను ఇరవై ఆరేళ్ళ సీనియర్ని.

ఒక పాత యుద్ధ చిత్రం ఉంది. శత్రువు చేతిలో పడ్డ కొండను ఒక దళం తిరిగి పట్టుకునే కథ. యాభై ఏళ్ళు నిండిన సందర్భంగా మొన్నీమధ్యే ఈ పత్రికలో దాని బాగోగులు తూచి రాశాను. బలాలు: పొగమంచులో తీసిన దృశ్యాలు, గుండెలదరగొట్టే శబ్దం, నాయకుడి ఆఖరి ప్రసంగం. లోపం: ఇంటర్వెల్ తర్వాత సాగతీత.

సాగతీత అని అంత ధైర్యంగా ఎలా రాశానంటారా? నాకు నిద్ర పట్టింది కదా! ఇంతకంటే రుజువేం కావాలి? ప్రసంగానికి హాలంతా చప్పట్లు కొడితే మెలకువ వచ్చింది. కాబట్టి ప్రసంగం బలం. ఇందులో లెక్క ఎక్కడ తప్పింది?

ఇంకో సంగతి కూడా ఉంది. దాడికి ముందు ఇటు సైనికుడు కళ్ళు మూసుకుని దేవుణ్ణి తలుచుకుంటాడు. అటు సైనికుడూ అదే పని చేస్తాడు. పూట పూటా దండం పెట్టుకునే మనిషిని కాబట్టి, పైన ఆయన ఎవరి మాట వినాలో నాకు అంతుపట్టలేదు. సందేహాలకు స్టార్లు ఉండవు కనక అది సమీక్షలో రాయలేదు.

ఇబ్బందల్లా మా ఆవిడతో వచ్చింది.

ఇరవై ఆరేళ్ళ కిందట ఆ సినిమా మళ్ళీ వేస్తే ఇద్దరం కలిసే వెళ్ళాం. అందులో దళానికి వండిపెట్టే వంటవాడు ఒకడుంటాడు. పేరు కూడా ఉండదు. రెండు చేతుల్లో రెండు భోజనం బకెట్లతో, పైనున్న పిల్లలకు చల్లారిపోతుందని గొణుక్కుంటూ ఫిరంగి గుళ్ళ మధ్య కొండెక్కుతాడు. సరిగ్గా అప్పుడే మా చంటిది గుక్కపట్టింది. మా ఆవిడ దాన్నెత్తుకుని వరండాలోకి వెళ్ళి, సినిమా అయ్యేదాకా అక్కడే తిరిగింది. బయటికి రాగానే నన్నడిగిన మొదటి మాట, ఆ వంటవాడు కొండ దిగాడా అని.

నాకేం తెలుసు? కానీ మొగుణ్ణి కదా, తెలియదంటే ఎలా? దిగాడన్నాను. అంతటితో ఊరుకుంటే బాగుండేది. ఇల్లు చేరాడన్నాను. గుమ్మంలో కూతురు ఎదురొచ్చిందన్నాను. మా ఆవిడ కళ్ళు తుడుచుకుంది. అప్పటి నుంచి వార్తల్లో ఎక్కడ యుద్ధమని విన్నా, “ఆ వంటవాడు అదృష్టవంతుడండీ” అని నిట్టూర్చేది. నేను పేపరు మొహానికి అడ్డం పెట్టుకునేవాణ్ణి.

నా సమీక్ష చదివిన మా అమ్మాయి, ఆ నాటి చంటిదే, ఆదివారం మధ్యాహ్నం టీవీలో ఆ సినిమా పెట్టింది. మా ఆవిడ వంట పెందలాడే ముగించి, ముందు కుర్చీలో స్థిరపడింది. ఈసారి ఇల్లు కూలినా కదలనంది. కూతురు ఎదురొచ్చే సీను చూసి తీరాలంది. కరెంటు పోవాలని దేవుణ్ణి వేడుకున్నాను. ఇలాంటి కోరికలు ఆయన తీర్చడు.

వంటవాడు కొండెక్కాడు. గుండు పడింది. తెరంతా పొగ. పొగ విడిపోయేసరికి నాయకుడు మ్యాపు చూస్తున్నాడు. తర్వాతి సీన్లో సైనికులు కూర్చుని భోజనం చేస్తున్నారు! బకెట్లు అక్కడే ఉన్నాయి. మనిషి లేడు. పోయాడని ఎవరూ ఏడవలేదు, ఉన్నాడని ఎవరూ పిలవలేదు. జెండా ఎగిరింది, పతకాలొచ్చాయి, ప్రసంగమైంది. తెర మీద పేర్లన్నీ పోయి నల్లబడేదాకా మా ఆవిడ చూస్తూనే ఉంది.

“కూతురు ఎదురొచ్చిందన్నారు. ఏదీ?”

ఈ ప్రింటులో కత్తిరించి ఉంటారని చెబుదామనుకున్నాను. ఆ మొహం చూశాక నోరు రాలేదు. నిద్రపోయానని ఒప్పుకున్నాను.

కోప్పడుతుందనుకున్నాను. కోప్పడినా బాగుండేది.

“మీరంటే నిద్రపోయారు,” అంది నెమ్మదిగా. “తీసినవాళ్ళు మేలుకునే ఉన్నారు కదండీ?”

టీవీ కట్టేసి, “మీ పేపర్లో అడగండి. ఎవరికైనా తెలిసుంటుంది,” అంది.

అడిగే ముందు, యాభై ఏళ్ళుగా వచ్చిన సమీక్షలు దొరికినన్ని చదివాను. ఒకాయన నాయకుడి చొక్కాకు ఒక సీన్లో ఒక గుండీ తక్కువైందని కనిపెట్టాడు. ఇంకొకాయన తుపాకీ ఆ ఏడాది మోడల్ కాదని రెండు పేజీలు రాశాడు. వీళ్ళెవరూ నిద్రపోయిన బాపతు కాదు. వంటవాడి గురించి ఒక్క వాక్యం లేదు.

కాబట్టి మా ఆవిడ తరఫున అడుగుతున్నాను. మీలో ఎవరైనా ఆయన కొండ దిగడం చూశారా? చూస్తే ఒక ఉత్తరం ముక్క రాయండి. ఇంట్లో ఒక మనిషి ఎదురుచూస్తోంది.

మీరూ గమనించలేదా? అయ్యో, దానికి సిగ్గుపడతారేం! సమీక్ష రాయడానికి మీకు అన్ని అర్హతలూ ఉన్నాయి.