ప్రతినిధి కోడి పదవీ విరమణ

మా తూనికలు, కొలతల కార్యాలయంలో క్షమాపణ కోరనిదే ఎవరూ మాంసం ముట్టరాదన్న నిబంధన అమల్లోకి వచ్చి నేటికి పదకొండు నెలలు పూర్తయ్యాయని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. నేను కరుణ సంఘం కార్యదర్శిని. ఇందులో రాసిందంతా నిజం. నిజం కానిది మినిట్సు పుస్తకంలో రాసేశాం.

పూర్వాపరాలు మనవి చేస్తాను. ఒకరోజు మధ్యాహ్నం క్యాంటీన్ వంటింట్లో బుట్ట మూత ఊడి, ఒక కోడి తిన్నగా భోజనాల గదిలోకి నడిచొచ్చింది. వచ్చింది వచ్చినట్టు పోతే గొడవే లేకపోయేది. మా పెద్దసారు బల్ల ముందు ఆగి, తల పక్కకి వంచి, ఆయన మొహంలోకి చూసింది. అప్పుడాయన చేతిలో కాలు ముక్క ఉంది. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఏ తనిఖీకీ బెదరని మనిషి ఆ ముక్క పళ్ళెంలో పెట్టేసి చెయ్యి కడుక్కున్నారు. మర్నాడు ఆకలేసింది. దాంతో సంఘం వేశారు.

సంఘం ముందున్న ప్రశ్న చిన్నదే. తినడం మానాలా, బాధపడటం మానాలా? రెండోదే ఆచరణసాధ్యమని ఐదు నిమిషాల్లో ఏకగ్రీవంగా తేలింది. తేలాక మూడు గంటలు చర్చించాం. బాధ పోవాలంటే క్షమాపణ చెప్పాలి, చెప్పాలంటే ఎదురుగా ఎవరో ఒకరుండాలి. వండిన కోడి వినదు, వండబోయే కోడి నిలబడదు. కాబట్టి కోళ్ళన్నిటి తరఫునా క్షమాపణలు స్వీకరించడానికి ఒక ప్రతినిధి కోడిని నియమించాలని తీర్మానించాం. అనుభవం దృష్ట్యా సారు మొహం చూసిన ఆ కోడికే పదవి దక్కింది. గోధుమ రంగు, రెండు కిలోల నూట పది గ్రాములు. తూకం నేనే వేశాను.

మాది కొలతల శాఖ. ముద్ర లేని తూకపురాయి ఎలా చెల్లదో, ముద్ర లేని పశ్చాత్తాపమూ అలాగే చెల్లదు. ప్రామాణిక క్షమాపణ నలభై సెకన్లని నిర్ణయించాం. భోజనాల గది గుమ్మం పక్కన ఎత్తుపీట, పీట మీద గంప, గంపలో ప్రతినిధి, పక్కన స్టాప్‌వాచీతో నేను. ఒక్కొక్కరే వచ్చి దాని కంట్లోకి చూసి ‘తప్పయిపోయింది’ అనాలి. కోడికి కళ్ళు చెరో పక్కన ఉంటాయి గనక ఏ కన్ను అన్న సందేహం వచ్చింది. ఎడమ కన్ను అని సవరణ జారీ చేశాం. నలభై సెకన్లు నిండితే టోకెను మీద ముద్ర పడుతుంది. ముద్ర చూపిస్తే నాలుగు ముక్కలు వేస్తారు.

వంటావిడ మాత్రం మొదటినుంచీ కలిసిరాలేదు. పద్దెనిమిదేళ్ళుగా మా క్యాంటీన్లో గరిటె తిప్పుతున్న మనిషి. చేతి వంటకి వంక పెట్టలేం, నోటికే కాస్త మొహమాటం తక్కువ. ప్రతినిధికి నూకలు వేసి నీళ్ళు పెట్టే పని ఆమెకే అప్పగించాం. ‘పిచ్చితల్లి’ అని దానికో పేరు కూడా పెట్టుకుంది. ఆమె వంటింట్లో ఎటు నడిస్తే అది అటు నడిచేది.

“తప్పయిపోయిందంటే మళ్ళీ చెయ్యననేగా సారూ అర్థం?” అంది ఒకరోజు నా స్టాప్‌వాచీ వంక చూస్తూ.

“కాదమ్మా, రేపు మళ్ళీ చెప్తానని,” అన్నాను.

“సరిపోయింది,” అని లోపలికి పోయింది. నిబంధనలు చదవనివాళ్ళతో వచ్చే ఇబ్బందే ఇది.

ఫలితాలు మాత్రం అంచనాలకి మించాయి. ఇదివరకు వారానికి రెండు రోజులే మాంసం, అదీ ఎవరైనా చూస్తున్నారేమోనని రెండు ముక్కలు. క్షమాపణ వచ్చాక మనసు తేలికపడి కడుపులో చోటు దొరికింది. వారానికి ఇరవై నాలుగు కోళ్ళు పోయి రెండు వందల నలభై అయ్యాయి. అంటే మా కార్యాలయంలో కరుణ కచ్చితంగా పదింతలు పెరిగిందన్నమాట. పొరుగు శాఖలవాళ్ళొచ్చి చూసిపోయారు. వాళ్ళలో ఒక పెద్దమనిషి గంప ముందు నిజంగానే వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆయనకి ఆరు ముక్కలు వేయించాం.

మా స్టోర్సు సారు మాంసం తినరు. ఆయన పరిచయమైన మొదటి నిమిషంలోనే ఈ సంగతి మీకు తెలిసిపోతుంది. తోలు బెల్టు సర్దుకుంటూ గుమ్మం దగ్గర నిలబడి మా వంక జాలిగా చూడటం ఆయన మధ్యాహ్నపు కార్యక్రమం. రోజుకు ఆరుసార్లు పాలు తాగుతారు కదా, ఆవుకీ దూడకీ కూడా ఒక ప్రతినిధిని పెడదామా అని సంఘంలో ఎవరో నోరు జారితే ఆయనకి ఒళ్ళు మండింది. “ఆవు ప్రేమగా ఇస్తుందండీ! దూడని మనమేమైనా వద్దన్నామా? మనం పితుక్కున్నాక వచ్చి తాగమనండి!” అన్నారు. అందరం చప్పట్లు కొట్టాం. పాలకి మినహాయింపు ఇచ్చాం.

అంతా సవ్యంగా సాగుతుండగా ప్రతినిధి ఆరోగ్యం దెబ్బతింది. రోజూ రెండు వందల మంది మొహంలో మొహం పెట్టి చూస్తే ఏ కోడి మాత్రం తట్టుకుంటుంది? ప్రేమ కొద్దీ వీపు నిమిరి నిమిరి ఈకలు ఊడగొట్టారు. మెడ బోసిపోయింది. గుడ్డు పెట్టడం మానేసింది. ‘తప్పయి...’ అనగానే గంప మూలకి తల దూర్చేసేది. ఎడమ కన్ను దొరక్క వరస కదలడం లేదనీ, అన్నం చల్లారిపోతోందనీ ఫిర్యాదులొచ్చాయి. విధి నిర్వహణలో అలసత్వం చూపినందుకు మెమో ఇచ్చాం. గడువు లోపల జవాబు రాలేదు. దానితో సగౌరవంగా పదవీ విరమణ చేయించాలని సమావేశం పెట్టాం.

పిలవని పేరంటానికన్నట్టు వంటావిడ ఆ సమావేశానికి వచ్చింది. చేతులు తుడుచుకుంటూ నిలబడి, “దాన్ని నాకిచ్చెయ్యండి సారూ,” అంది. “మా పెరట్లో తిరుగుతుంది. ఇన్నాళ్ళూ మీ అందరి పాపం అదొక్కతే మోసింది. నాలుగు రోజులు మట్టి గీరుకుంటూ బతకనివ్వండి, మీకు పుణ్యముంటుంది.”

పెద్దసారు కళ్ళు చెమర్చాయి. కార్యాలయ ఆస్తిని సిబ్బందికి ఇవ్వరాదన్న నియమం లేకపోతే ఇచ్చేసేవారే. ఆయన లేచి నిలబడ్డారు.

“మిత్రులారా! మనం తిన్న ఏ కోడికీ స్వయంగా క్షమాపణ చెప్పుకోలేకపోయాం. ఇంకొకరి ద్వారా చెప్పాం. అది నా మనసులో ముల్లులా ఉండిపోయింది. కానీ ఈ భూమ్మీద ముద్రలతో సహా యాభై ఏడు వేల క్షమాపణలు స్వయంగా అందుకున్న కోడి ఒక్కటే ఉంది! దీనికంటే నిర్దోషమైన భోజనం ఎక్కడైనా ఉంటుందా? దీన్ని వదిలేస్తే ఆ క్షమాపణలన్నీ ఏం కావాలి? అది ప్రతినిధికే అవమానం!”

హాలు దద్దరిల్లింది. స్టోర్సు సారు కూడా ఇంత పవిత్రమైన మాంసమైతే ముక్క కాకపోయినా గ్రేవీ వరకు ఆలోచిస్తానన్నారు.

“నేను వండను,” అంది వంటావిడ.

పద్దెనిమిదేళ్ళుగా ఎన్ని కోళ్ళు కొయ్యలేదు నువ్వు, ఈ ఒక్కదానికే చెయ్యి రావడం లేదా అని నేనే అడిగాను. న్యాయమైన ప్రశ్న. సంఘం తల ఊపింది.

“కోశాను సారూ. లెక్కలేనన్ని కోశాను. అవి నా వంక చూడలేదనుకున్నాను. ఇది చూశాక తెలిసింది, అవి కూడా చూసే ఉంటాయి. నేనే చూళ్ళేదు.” నడుముకి కట్టుకున్న గుడ్డ విప్పి బల్ల మీద పెట్టింది. “మీ కొలతలూ వద్దు, మీ కొలువూ వద్దు.”

వెళ్తూ గంప దగ్గర ఆగి దాన్ని ఎత్తుకుంది. గేటు దగ్గర కాపలా మనిషి నియమం ప్రకారం లాక్కున్నాడు. ఆవిడ రోడ్డు మీద నిలబడి చాలాసేపు ఏడ్చింది. ఎంతసేపో నేను కొలవలేదు.

మర్నాటికల్లా కొత్త వంటమనిషి దొరికాడు. విరమణ విందు ఘనంగా జరిగింది. చిక్కిపోయిన కోడి గనక సంఘ సభ్యులకే సరిపోయింది. నాకు మెడ ముక్క వచ్చింది. గొంతులో ఒక్క క్షణం అడ్డుపడిన మాట వాస్తవం. నీళ్ళు తాగాను, దిగింది.

ఇంతవరకూ చదివిన మీకు ఎక్కడో ఒకచోట ‘అయ్యో పాపం’ అనిపించే ఉంటుంది. అన్నిచోట్లా కలిపితే నలభై సెకన్లకి తక్కువుండదని నా అంచనా. సరిపోతుంది. మీక్కూడా ముద్ర వేసేశాను. వెళ్ళి హాయిగా భోంచేయండి.