తమ ఫిర్యాదు అందినది

ఆ ఉదయం ఫిర్యాదుల గుమాస్తా అనుకున్న పని ఒక్కటే: మధ్యాహ్నానికల్లా ఆఫీసు పని తెమిల్చి, అలిగి పుట్టింటికి వెళ్లిన భార్యను బతిమాలి తెచ్చుకోవడం. నీటి సరఫరా ఆఫీసులో, కొళాయి రాలేదన్న ప్రతివాడికీ అవే జవాబులు కొట్టి కొట్టి ఆయన వేళ్లు కాయలు కాచాయి. పొద్దుపోయి ఇల్లు చేరడం, ఆవిడ ఏదైనా మొదలుపెడితే తర్వాత విందాంలే అని దుప్పటి కప్పుకోవడం. అలక ఊరికే రాలేదు.

అందుకని అరచేతిలో ఇమిడే మీటల యంత్రమొకటి కొన్నాడు. మీటకొక జవాబు నింపుకుంటే, నొక్కగానే వాక్యమంతా అదే కొట్టి అదే పంపేస్తుంది. తీగలతో పనిలేదు. ఇంట్లో ఫోనుతో కలిపి పరీక్షించి, ఆఫీసులో కంప్యూటరుతో కలిపాడు. పని చకచకా తెమిలింది.

"వస్తున్నా" అని భార్యకు మెసేజి పెట్టి, ఆ మెసేజి తెరిచి ఉన్న ఫోను అలాగే చొక్కా జేబులో, యంత్రం ప్యాంటు జేబులో పడేసుకుని బస్సెక్కాడు. కంప్యూటరు దూరమయ్యేసరికి యంత్రం పాత చుట్టాన్ని వెతుక్కుని ఫోనుతో కలిసిపోయింది. పక్కన గాదెలాంటి మనిషి కూర్చున్నాడు. బస్సు గతుకులో పడ్డప్పుడల్లా ఆ మనిషి తొడ ఏదో ఒక మీట నొక్కింది.

ఇప్పుడు గుర్తొచ్చానా అని ఆవిడ రాసింది. "తమ ఫిర్యాదు అందినది" అని జవాబొచ్చింది. ఆవిడ, మా అమ్మకు జ్వరమొస్తే తొంగిచూడలేదేమని అడిగింది. పరిశీలనలో ఉన్నదట. ఇక పెళ్లినాటి నుంచి కడుపులో దాచుకున్నదంతా రాసుకుంటూ పోయింది. గతుక్కొక జవాబు వస్తూ పోయింది. చివరికి, ఇంతకీ నేను రావాలా వద్దా అంది. బస్సు గట్టిగా ఎగిరిపడింది.

"సమస్య పరిష్కరించబడినది. ఇంతటితో మూసివేయడమైనది."

కూతురి భుజం మీదుగా అది చదివిన మామగారు గుండె పట్టుకుని, పక్కింటి ప్లీడరును పిలిపించాడు. ప్లీడరు కళ్లజోడు సవరించుకుని, నోటిమాటైతే సర్దిచెప్పొచ్చు గానీ ఆఫీసు భాషలో ఇచ్చాడంటే మనిషి తెగించినట్టేనని తేల్చాడు.

నవ్వుతూ గుమ్మంలోకొచ్చిన అల్లుడి చేతిలో మామగారు కూతురి ఫోను పెట్టాడు. చదువుతుంటే గుమాస్తా ముఖాన నెత్తురుచుక్క లేదు. యంత్రం తీసి బల్ల మీద పెట్టి, మీట నొక్కి చూపించాడు. ప్లీడరు నమ్మలేదు.

"అది నేను కాదే, ఒట్టు," అన్నాడు భార్యతో.

"తెలుసు. అంత మర్యాదగా మీరెప్పుడు పలికారు గనక?"

"మరి తెలిసీ అంతంత రాశావేం?"

"మీరైతే రెండో మాటకే ఆవలించేవారు. అది ప్రతిదానికీ ఊ కొట్టింది." ఆవిడ ఫోను తీసి పక్కన పెట్టింది. "ఆఖరి ప్రశ్నకు మాత్రం దాని జవాబు నాకొద్దు. మీరు చెప్పండి."

"రా," అన్నాడాయన.

ప్లీడరు కాస్త నిరాశగానే లేచాడు. తిరుగు బస్సులో ఆవిడ దారంతా చెబుతూనే ఉంది, ఆయన కళ్లు మూయకుండా విన్నాడు. యంత్రానికి ఒక్క పూటలో పట్టుబడిన విద్య మొగుడికి వంటబట్టాలంటే కొన్నేళ్లు పడుతుంది మరి.