చెంచమ్మ మీద దావా

ఆ రోజుకు గంగయ్య వేసుకున్న పథకం చాలా చిన్నది. తొలికోడి కూయగానే బయలుదేరి మార్కాపురం పోవాలి. కోర్టులో విడాకులు తీసుకోవాలి. ఎండ ముదరకముందే ఇల్లు చేరి కంది చేలో గుంటక తోలాలి.

అప్పట్లో మార్కాపురం కర్నూలు జిల్లాలో ఉండేది. కర్నూలు మద్రాసు సర్కారు కింద ఉండేది. పల్లె జనానికి సర్కారంటే మునసబూ కరణమే. అంతకు మించిన తగాదా వస్తే మార్కాపురం కోర్టు. రాతి పలకలు మోసే బళ్ళు గలగలమంటూ పోయే ఆ రోడ్డు మీద ఆరు మైళ్ళ నడక ఎవరికీ దూరమనిపించేది కాదు. దారిలో ఎవరో ఒకరు మాట కలిపేవారు, కష్టసుఖాలు సగంలో ఉండగానే ఊరు వచ్చేసేది.

ఆ పొద్దు గంగయ్య మాత్రం ఎవరితోనూ మాట కలపలేదు. అతని భార్య చెంచమ్మ పుట్టింటికి వెళ్ళి నెలన్నర అయింది. ఆమె వెళ్ళిన రోజు, మైలు దూరం నుంచి తను మోసుకొచ్చిన రెండు కడవల మంచినీళ్ళతో అతను ఎద్దులను కడిగాడు. ఎద్దులు నిగనిగలాడాయి. చెంచమ్మ ఒక్క మాట అనలేదు. కడవలు రెండూ బోర్లించి, పుల్లలచెరువు దగ్గరున్న పుట్టింటి దారి పట్టింది. తిట్టి ఉంటే గంగయ్య సర్దుకునేవాడే. తిట్టకుండా పోవడమే అతనికి మింగుడుపడలేదు.

మార్కాపురంలో వకీలు ఇంటికి చేరేసరికి వకీలు గారు కోర్టులో ఉన్నారు. ఆయన గుమాస్తా సుందరరాజు ముక్కుపొడుం పీలుస్తూ సంగతి విన్నాడు.

"విడాకులు కావాలయ్యా. జల్దీ ఇస్తే ఇంటికి పోతా," అన్నాడు గంగయ్య.

"పొట్లం కట్టి ఇవ్వడానికి ఇదేమన్నా దుకాణమా? మీ కులంలో పెళ్ళాన్ని విడిచిపెట్టే ఆచారముందా?"

"మా తాతల నాటి నుంచి తిట్టుకోవడమే గానీ విడిచిపెట్టింది లేదయ్యా."

"అయితే లేనట్టే. హిందువులకు విడాకుల చట్టం లేదు."

"కిరస్తానోళ్ళకు ఉందంట గదా?"

"ఉంది. తప్పు రుజువు చేయాలి. కర్నూలు జిల్లా జడ్జీ ఒప్పుకోవాలి. ఆపైన మద్రాసు హైకోర్టులో ముగ్గురు జడ్జీలు సరే అనాలి."

"ముగ్గురా! ఇంట్లో ఒక్క మనిషి చేత సరే అనిపించడం నా వల్ల కాలేదే! పోనీ, ఇంకో పెళ్ళి చేసుకుంటే?"

"చేసుకో, అడ్డులేదు. కాకపోతే మొదటామె పోదు. ఇద్దరవుతారు. మొదటామె మనోవర్తి అడిగితే అదీ ఇచ్చుకోవాలి."

గంగయ్య కండువాతో ముఖం తుడుచుకున్నాడు. సుందరరాజుకు జాలేసింది.

"ఒక ఉపాయముంది. పెళ్ళాన్ని కాపురానికి పంపమని దావా వేద్దాం. ఆమె మొండిది కదా, రాదు. కోర్టు చెప్పినా రాని మనిషికి రేపు మనోవర్తి అడిగే నోరుండదు. నీ పీడ విరగడ."

"ఒకవేళ వస్తే?"

"వస్తుందా?"

గంగయ్య గట్టిగా నవ్వాడు. "చెంచమ్మా? నేను కాళ్ళు పట్టుకున్నా రాదు."

ఇలాంటి దావాలకు సుందరరాజు దగ్గర పాత నకలు ఒకటుంది. ఎప్పుడో ఒక ప్రబంధాల పండితుడు రాసిపెట్టింది. పేర్లు మార్చి, కొత్తగా రాసి, గంగయ్య చేత వేలిముద్ర వేయించాడు. అందులో ఏముందో గంగయ్య అడగలేదు. అతని మనసంతా కంది చేలో ఉంది.

మూడు వారాలకు కోర్టు బిళ్ళ బంట్రోతు సమనూ, దావా నకలూ పట్టుకుని చెంచమ్మ పుట్టింట దిగాడు. నడుముకు అడ్డపట్టీ, దాని మీద ఇత్తడి బిళ్ళ. దూరం నుంచే అది చూసి చెంచమ్మ తండ్రి రంగయ్య, "జప్తుకు వచ్చినార్రా!" అని కేకవేశాడు. ఎద్దులను విప్పి నల్లమల అడవిలోకి తోలేశాడు. అది చూసి పక్కింటివాళ్ళు గేదెలను తోలారు. ఆ పక్కవాళ్ళు మేకలను తోలారు. పావుగంటలో ఊళ్ళో మనుషులు తప్ప కాళ్ళున్నవేవీ మిగల్లేదు.

తీరా బంట్రోతు చెప్పింది వింటే కాగితం చెంచమ్మ పేరున ఉంది.

"ఇడిసిపెట్టినాడన్నమాట," అంది చెంచమ్మ. అని, గోడకు ఆనుకుని నిలబడిపోయింది.

ఊళ్ళో చదవగలిగినవాడు మిషను బడి పంతులు అబ్రహాము ఒక్కడే. ఎప్పుడూ వాకిట్లోనే నిలబెట్టి మాట్లాడే రంగయ్య, ఆ రోజు ఆయన్ను పిలిచి అరుగు మీద కూర్చోబెట్టాడు. ఆదివారాలు ప్రసంగం చేసి చేసి అబ్రహాము గొంతు మామూలు మాటను కూడా గంభీరంగా పలికేది. ఆయన గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు.

"సహధర్మచారిణియగు చెంచమ్మ గృహమును వీడినది మొదలు వాది అన్నపానీయములు మాని, నిద్రాహారములకు దూరుడై, చంద్రుని బాసిన రాత్రివలె కళావిహీనుడై, ఆమె పునరాగమనమునకై వేయి కన్నులతో నిరీక్షించుచున్నాడు..."

"అంటే ఏంది అయ్యవారూ?" అన్నాడు రంగయ్య.

"మన చెంచమ్మ లేక అల్లుడు తిండి మానినాడు పెద్దయ్యా. ఆమె రాకపోతే బతకనని సర్కారు ముందర చెప్పుకున్నాడు."

"సర్కారు ముందరనా!"

అరుగు చుట్టూ చేరిన ఆడవాళ్ళు ముక్కులు చీదారు. ఒక ముసలమ్మ, నలభై ఏళ్ళ కాపురంలో తన మొగుడు పక్కింటి వాళ్ళ ముందర కూడా అంత మాట అనలేదని గుర్తుచేసుకుని బిగ్గరగా ఏడ్చింది. రంగయ్య తలపాగా విప్పి కళ్ళకు అడ్డం పెట్టుకున్నాడు.

"నేను పోతా నాయనా," అంది చెంచమ్మ.

ఎద్దులను అడవిలో వెతికి పట్టుకోవడానికి రెండు రోజులు పట్టింది. మూడోనాడు రెండు బళ్ళ నిండా జనం బయలుదేరారు.

అక్కడ గంగయ్య తనకిక పీడ విరగడైందని ఊరంతా చెప్పుకుంటున్నాడు. దుమ్ము రేపుకుంటూ వస్తున్న బళ్ళనూ, వాటిలో బావమరుదులనూ చూశాడు. తన్నడానికే వస్తున్నారనుకుని దొడ్లోని జొన్నచొప్ప వామిలో దూరాడు. బయటికి కనబడుతున్న పాదాన్ని గుర్తుపట్టి చెంచమ్మే పట్టి లాగింది.

రెండు నెలలకు పైగా తను కాచుకున్న సంగటే తిన్నాడేమో, బుగ్గలు లోపలికి పోయాయి. గడ్డం మాసింది. తల నిండా చొప్ప.

"కాగితంలో రాసినట్టే ఉన్నాడే!" అన్నాడు రంగయ్య.

"మామా, నేను కోర్టులో అడిగింది..." అంటూ గంగయ్య చెంచమ్మ వైపు చూశాడు. ఆమె అతని తలలోని చొప్ప ఒక్కొక్క పుల్లే ఏరుతోంది.

"ఏం అడిగినావు?" అంది.

"ఏంలేదు. దారిలో ఏమన్నా తిన్నారా అని," అన్నాడు గంగయ్య.

దావా మాత్రం దానంతట అది ఆగదు కదా. వాయిదా నాడు ఇద్దరూ ఒకే బండిలో కోర్టుకు వెళ్ళారు. వాళ్ళను చూసి సుందరరాజు పొడుం డబ్బా జారవిడిచాడు.

"అదేంది గంగయ్యా! రాదంటివి గదా? విడాకుల కోసం పడరాని పాట్లు పడి, చివరికి బండిలో ఎక్కించుకొస్తివా?"

గంగయ్య వంగి పొడుం డబ్బా ఎత్తి అతని చేతిలో పెట్టాడు. లోపల జడ్జీగా కూర్చున్న కోర్టు మునసబు గారు అడిగితే చెంచమ్మ కాపురానికి వచ్చేశానని చెప్పింది. రాజీ అయిందని ఆయన రాసుకున్నారు. బండి మార్కాపురం దాటింది.

"నాకు ఆ రోజే తెలుసు," అంది చెంచమ్మ. "సహధర్మచారిణి అని నీ నోట్లో నుంచి వస్తదా? ఏదీ, అను."

గంగయ్య రెండుసార్లు ప్రయత్నించాడు. రెండుసార్లూ ధర్మం దగ్గరే ఆగిపోయాడు.

"మరి తెలిసీ ఎందుకొచ్చినావు?"

"అయ్యవారు చదువుతాంటే మా నాయన ఏడ్చినాడు. నా పెళ్ళికి కూడా ఏడవని మనిషి. అది అబద్ధమని ఆయనకెట్ల చెప్పేది?" చెంచమ్మ తల పక్కకు తిప్పుకుంది. "అయినా నాకూ రావాలనే ఉండె. పిలిచినోళ్ళే లేకపోయిరి."

గంగయ్య పగ్గాలు వదులు చేశాడు. ఎద్దులు తమకిష్టమైనంత మెల్లగా నడిచాయి.

ఆ కాగితంలోని మాటలు ఊరూరా పాకాయి. ఆ ఏడు ఎండాకాలంలో గంగయ్య ఊరి నుంచి ముగ్గురు ఆడవాళ్ళు చిన్న చిన్న కారణాలకే అలిగి పుట్టిళ్ళకు వెళ్ళి, వాకిట్లో కూర్చుని బిళ్ళ బంట్రోతు కోసం ఎదురుచూశారు.