సెకనుకి తొంభై ఫ్రేములు

ఎంత ముసలి లిఫ్టయినా సరే, లిఫ్టాయన లోపలికెళ్ళి ఓ బటన్ నొక్కి, చెవి గోడకి ఆనించి, రెండు నిమిషాల్లో తేల్చేస్తాడు. "పనికొస్తుంది" అన్నాడా, సరే. "ఆపెయ్యండి" అన్నాడా, పదంతస్తుల జనం ఆ పూట మెట్లెక్కాల్సిందే. ఉద్యోగం అలాంటిది, లిఫ్టుల తనిఖీ. అసలు పేరు జీతం చీటీ మీద తప్ప ఇంకెక్కడా మిగల్లేదు.

అలాంటి మనిషి కంప్యూటర్లో ఓ గ్రాఫిక్స్ కార్డు మార్చాలా వద్దా అన్నది మూడు నెలలుగా తేల్చుకోలేక చిక్కి సగమైపోయాడు.

"సగమెక్కడ? మొన్నే ప్యాంటు వదులు చేయించాను" అంటుంది వాళ్ళావిడ.

ఆవిడ మాట కొట్టిపారెయ్యడానికి లేదు. ఫిజియోథెరపిస్టు. మనిషి గుమ్మంలోంచి నడిచొస్తుంటే చాలు, ఏ కీలు పట్టేసిందో, ఏ అబద్ధం జేబులో ఉందో చెప్పేస్తుంది.

గొడవంతా ఆఫీసులో పక్క సీటాయనతో మొదలైంది. ఆయన్ని అందరూ ఫ్రేముల శాస్త్రి అంటారు. ఏ ఆట ఏ కంప్యూటర్లో సెకనుకి ఎన్ని ఫ్రేములు, అంటే ఎన్ని బొమ్మలు చూపిస్తుందో నిద్రలో లేపినా చెబుతాడు. సొంత పిల్లలు ఏ క్లాసో అడిగితే మాత్రం ఫోన్ చేసి కనుక్కుంటాడు. ఆయన కొత్త వీఆర్ హెడ్‌సెట్ కొనుక్కుని, పాతది లిఫ్టాయనకి అంటగట్టాడు.

అది మొహానికి తగిలించుకుంటే ఎదురుగా ఉన్న గోడ మాయమై కొండలూ లోయలూ వచ్చేస్తాయి. తల ఎటు తిప్పితే అటు లోకం తిరుగుతుంది. ఇది పెట్టె మీద రాసిన మాట. లిఫ్టాయన ఇంట్లో మాత్రం తల తిరిగిన కాసేపటికి, వీలు చూసుకుని, కొండ తిరిగేది.

"బొమ్మ నాణ్యత కాస్త తగ్గించుకుంటే హాయిగా నడుస్తుందే" అన్నాడు ఫ్రేముల శాస్త్రి. "కానీ తగ్గించుకుని ఆడటం కూడా ఓ ఆటేనా? ఆకు మీద ఈనెలు కనిపించొద్దూ? కార్డు మార్చెయ్."

ఆ ఈనెల మాట లిఫ్టాయన బుర్రలో నాటుకుపోయింది. జన్మలో ఏనాడూ ఓ ఆకు కోసి దాని ఈనెలు చూసినవాడు కాదు. ఇప్పుడవి కనబడకపోతే అన్నం సహించనట్టయింది.

ఓ సాయంత్రం ఆవిడ బట్టలు మడతపెడుతుంటే, ఓ తువ్వాలు తనూ అందుకుని మొదలెట్టాడు.

"ఏమోయ్, మన కంప్యూటర్ పాపం కష్టపడుతోంది."

"మనింట్లో ఎవరో ఒకరు కష్టపడాలి కదండీ."

"అది కాదు. గ్రాఫిక్స్ కార్డు పాతదైపోయింది. సెకనుకి తొంభై ఫ్రేములు కావాలి. మనది నలభై కూడా ఇవ్వడం లేదు."

ఆవిడ మడత ఆపింది. "ఫ్రేములా? మన పెళ్ళి ఫోటో ఫ్రేము పదకొండేళ్ళుగా మంచం కింద పడుంది. ఆ ఒక్కటీ గోడకి కొట్టడానికి మీకు తీరలేదు. సెకనుకి తొంభై ఎక్కడ తగిలిస్తారు?"

సోఫాలో కాలు చాపుకుని కూర్చున్న అత్తగారు అందుకుంది. "ఏ కార్డే అమ్మాయ్? కార్డు ముక్క రాసి పడేస్తే పోయేదానికి ఇంత రాద్ధాంతమెందుకు?"

"ఆ కార్డు కాదండీ అత్తయ్యగారూ. కంప్యూటర్లో పెట్టేది. కొత్తదానికి మూడు ఫ్యాన్లుంటాయి."

"మూడా! ఈ హాలుకంతా ఉన్నది ఒక్క ఫ్యాను. దానికేమో గాలి తప్ప అన్నీ వస్తాయి."

"డ్రైవర్ కూడా పాతదేనండీ, కొత్త ఆటలకి సరిపోవడం లేదు."

"పాత డ్రైవరే నయం అల్లుడుగారూ. దారులు తెలిసుంటాయి."

లిఫ్టాయన తువ్వాలు మడత పెట్టి లేచి వెళ్ళిపోయాడు. ఆయన మడిచినదాన్ని ఆవిడ మళ్ళీ విప్పి మడిచింది.

ఇంతకీ అత్తగారి సంగతి చెప్పాలి. టెలిఫోన్ ఎక్స్చేంజిలో ముప్పై ఏళ్ళు ఆపరేటర్‌గా చేసి రిటైరైన మనిషి. రెండు నెలల కింద మోకాలి ఆపరేషన్ అయి, కూతురి దగ్గర ఉంటోంది. మోకాలు రోజూ వంచాలి. ఆవిడ వంచదు. కూతురు ఊళ్ళో వాళ్ళ మోకాళ్ళన్నీ వంచి ఇంటికొచ్చి, అమ్మ ముందు మాత్రం చేతులెత్తేసేది.

"నీకు నడక నేర్పిన దాన్ని. నువ్వు నాకు నేర్పుతావా?" అనేది అత్తగారు.

సర్జన్ మొన్న గట్టిగానే చెప్పాడు. మూడు వారాల్లో మోకాలు తొంభై డిగ్రీలు వంగాలి, లేదంటే మళ్ళీ మత్తిచ్చి తామే వంచాలి అని. ఆ రోజు నుంచీ కూతురు ముద్ద దిగక, కంచం ముందు ఊరికే కూర్చుంటోంది. లిఫ్టాయన చూశాడు. జాలేసింది. జాలి వెనకాలే ఓ ఆలోచన కూడా వచ్చింది. మనిషన్నాక రెండూ ఒకేసారి రాకూడదని ఎక్కడా లేదు.

"ఆ హెడ్‌సెట్‌లో బుడగలు పేల్చే ఆట ఒకటుంది" అన్నాడు మర్నాడు వాళ్ళావిడతో. "చేత్తో పట్టుకునే రిమోట్ అత్తయ్యగారి చీలమండకి కట్టామనుకో, కాలితో పేల్చొచ్చు. కుర్చీలో కూర్చునే. బుడగ కుర్చీ కిందకి పోతే కాలు వెనక్కి లాగాలి. లాగితే మోకాలు వంగినట్టేగా?"

ఆవిడ ఆయన్ని ఎగాదిగా చూసింది. పదకొండేళ్ళలో మొదటిసారి ఆయన నోట పనికొచ్చే ముక్క విన్నట్టు ముఖం పెట్టింది.

"మంచి ఆలోచనేనండీ. ఆదివారం చూద్దాం."

లిఫ్టాయన లోలోపల చంకలు గుద్దుకున్నాడు. మిగతా పథకం ఆవిడకి చెప్పలేదు మరి. ఆదివారం పొద్దున ఆవిడ స్నానానికి వెళ్ళగానే కంప్యూటర్ ముందు కూర్చుని, నాణ్యత, నీడలు, మెరుపులు మూడూ ఆఖరి మెట్టుకి ఎక్కించేశాడు. ఇక బొమ్మ నత్తలా పాకుతుంది, అత్తగారు విసుక్కుంటుంది, "పాపం అమ్మకోసమైనా కార్డు మార్చండి" అని ఆవిడే బతిమాలుతుంది. అప్పుడు తను కాస్త బెట్టు చేసి ఒప్పుకోవాలి. ఎంతసేపు బెట్టు చెయ్యాలో కూడా అనుకుని పెట్టుకున్నాడు.

చేతులున్న బరువైన కుర్చీ హాలు మధ్యలో వేశారు. రిమోట్‌ని క్రేప్ బ్యాండేజీతో అత్తగారి చీలమండకి కట్టింది కూతురు. హెడ్‌సెట్ పెట్టబోతూ లిఫ్టాయన జాగ్రత్తలు మొదలెట్టాడు.

"తలకి తగిలించుకునే సామాను నాకు కొత్తేమిటి అల్లుడుగారూ? ముప్పై ఏళ్ళు అదే పనిగా!" అంటూ ఆవిడే లాక్కుని తగిలించుకుంది.

ఆట మొదలైంది. లిఫ్టాయన ఊపిరి బిగబట్టాడు.

"ఎలా ఉందండీ? బొమ్మ ఆగి ఆగి వస్తోందా?"

"బ్రహ్మాండంగా ఉంది."

"ఆగడం లేదూ?"

"ఆగితే ఆగనీండి. ఒక్క ట్రంక్ కాల్ కలపడానికి పూటంతా ఆగినదాన్ని. బుడగ కోసం అర సెకను ఆగలేనా?"

"మసగ్గా... గజిబిజిగా ఉంటుందేమో!"

"నాకు అన్నీ ఎప్పుడూ ఇలాగేగా కనిపిస్తాయి!"

ఇంతలో అత్తగారు పకపకా నవ్వడం మొదలెట్టింది. బొమ్మ ఆగి ఆగి రావడంతో బుడగ ఇక్కడ మాయమై అక్కడ తేలుతోంది. అది ఆటలో ఉన్న గడుసుతనమే అనుకుంది ఆవిడ.

"దీని అల్లరి కాలా! అదుగో, కుర్చీ కింద దాక్కుంది!"

కాలు వెనక్కి లాగింది. ఇంకా లాగింది. కూతురు నేల మీద కూర్చుని కోణాలు కొలిచే స్కేలు మోకాలికి ఆనించింది. "డెబ్బై... డెబ్బై ఎనిమిది... అమ్మా, ఎనభై!" అంటూ కళ్ళు తుడుచుకుంది.

లోపం చూపించాలన్న తాపత్రయంలో లిఫ్టాయన వంగి, "ఇదిగో అత్తయ్యగారూ, ఇక్కడ చూడండి, ఈ బుడగ అసలు..." అన్నాడు.

ఆ బుడగ సరిగ్గా ఆయన ముక్కు ఉన్నచోటే తేలింది కాబోలు. అత్తగారు కొత్త మోకాలితో తన్నిన మొదటి తన్ను ఆయన గడ్డానికి తగిలింది. టీపాయ్ మీది నీళ్ళ జగ్గు పడింది. ఆ నీళ్ళలో కాలేసి ఆయన పడ్డాడు.

"పేలిందా?" అడిగింది అత్తగారు ఆశగా.

"పేలిందండీ" అన్నాడు కింద నుంచి.

ఆయన్ని లేపి, గడ్డానికి ఐసు పెట్టి, నేల తుడిచి, "నేనూ ఓసారి చూస్తాను" అని వాళ్ళావిడ హెడ్‌సెట్ తగిలించుకుంది. లిఫ్టాయనకి ప్రాణం లేచొచ్చింది. ఈవిడ కళ్ళు చురుకైనవి. లోపం ఇట్టే పట్టేస్తుంది.

పట్టేసింది. నిమిషం తిరక్కుండా హెడ్‌సెట్ ఆయన చేతిలో పడేసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని వాష్‌బేసిన్ దగ్గరికి పరిగెత్తింది. తిరిగొచ్చేసరికి మొహం తెల్లకాగితంలా ఉంది.

"కడుపులో దేవేస్తోంది. నేను తల ఇటు తిప్పితే ఆ లోకం తీరుబడిగా తిరుగుతోంది. ఇది మా అమ్మకి పెడతారా? రేపే తీసుకెళ్ళి మీ ఫ్రేముల శాస్త్రి మొహాన కొట్టి రండి."

"అదే నేను అనేది! కొత్త కార్డు వేస్తే..."

"కొత్త కార్డూ వద్దు, పాత పెట్టే వద్దు. ఇంట్లోంచి పోవాలంతే."

"అదేమిటే! ఎనభై దాకా వచ్చాక తీసేస్తారా?" అంది అత్తగారు కుర్చీ చేతులు రెండూ గట్టిగా పట్టుకుని. "నేను లేవను."

లిఫ్టాయన అటు చూశాడు, ఇటు చూశాడు. నోరు మూసుకుంటే హెడ్‌సెట్టే పోతుంది. అత్తగారి మోకాలూ మొదటికొస్తుంది. నోరు తెరిస్తే కార్డు పోతుంది. తనిఖీల్లో ఎప్పుడూ ఇంత ఇరుకున పడలేదు.

"అదీ... కొంచెం సెట్టింగ్స్ సర్దితే..." అని నీళ్ళు నమిలాడు.

"సర్దండి" అంది వాళ్ళావిడ.

సర్దాడు. టక్, టక్, టక్. ఆవిడ భయం భయంగా మళ్ళీ తగిలించుకుంది. కుడికి తిరిగింది, ఎడమకి తిరిగింది. పైకి చూసింది. ఓ బుడగ కూడా పేల్చింది.

"వెన్నలా ఉంది" అంటూ హెడ్‌సెట్ తీసింది. "పాత కార్డేనా?"

"పాతదే."

"ఎన్నిసార్లు నొక్కారు?"

"మూడు."

"మరి పొద్దున నేను స్నానానికి వెళ్ళినప్పుడు?"

లిఫ్టాయన గడ్డం మీది ఐసుముక్క కరిగి చొక్కాలోకి జారింది.

"మూడే" అన్నాడు.

ఆవిడ అరవలేదు. అరిచినా బాగుండేది. పెదవి బిగబట్టుకుని ఆయన్ని చూసి చూసి, చివరికి ఆపుకోలేక అత్తగారి భుజం మీద వాలిపోయి నవ్వింది. అత్తగారికి సంగతి అర్థం కాకపోయినా అల్లుడి మొహం చూసి తనూ నవ్వింది.

ఆ పూట నుంచి పొద్దునా సాయంత్రం హెడ్‌సెట్ అత్తగారిదే. మూడు వారాలకి మోకాలు నూట ఆరు డిగ్రీలు వంగింది. సర్జన్ ఆశ్చర్యపోయి ఏం చేశారని అడిగితే, ఆవిడ నిజమే చెప్పింది. "మా ఆయన మోసం చేశారండీ, అది కలిసొచ్చింది."

అంతటితో అయిపోతే లిఫ్టాయన తేలిగ్గా బయటపడేవాడు. కానీ "నాకు అన్నీ ఇలాగే కనిపిస్తాయి" అన్న అమ్మ మాట ఆవిడ మర్చిపోలేదు. కంటి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళింది. అత్తగారి కళ్ళజోడు తొమ్మిదేళ్ళ కిందటిదట. కొత్త అద్దాలొచ్చాయి.

కొత్త అద్దాలతో అత్తగారు ముందు కూతుర్ని చూసి, "చిక్కిపోయావే" అంది. అల్లుణ్ణి చూసి ఏమీ అనలేదు. తర్వాత హెడ్‌సెట్ పెట్టుకుంది. బుడగలు అప్పటికే విసుగేసి, కుర్చీలో కూర్చుని గ్లైడర్ మీద కొండల్లో ఎగిరే ఆటకి మారింది. అది లిఫ్టాయన తన కోసం తెచ్చుకున్న ఆట.

ఆ రాత్రి భోజనాల దగ్గర అత్తగారు చల్లగా అంది. "అమ్మాయ్, ఆ కొండల మీద చెట్లన్నీ పచ్చరంగు పూసిన అట్టముక్కల్లా ఉన్నాయి. ఇంకా మంచి కార్డు ఉంటుందటగా?"

"ఉంటుందమ్మా. రేపు తెప్పిస్తా."

లిఫ్టాయన చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "మూడు నెలలు నేను అడిగితే..."

"మీరు అడిగారా? మీరు తువ్వాలు మడతపెట్టారు" అంది ఆవిడ మజ్జిగ పోస్తూ.

కార్డు వచ్చింది, మూడు ఫ్యాన్లతో సహా. కంప్యూటర్ అత్తగారి గదిలోకి మారింది. ఆవిడ బల్లా కుర్చీ కాకుండా, ఇటూ అటూ తిరగడానికి ఆఫీసుల్లో ఉండేలాంటి చక్రాల కుర్చీ కావాలంది. అదీ వచ్చింది. ఎక్స్చేంజిలో ఆవిడతో పనిచేసిన ముగ్గురు స్నేహితురాళ్ళకి సంగతి ఎలా తెలిసిందని అడక్కూడదు, ముప్పై ఏళ్ళు ఊరందరి కబుర్లూ కలిపిన వాళ్ళు. శనివారం మధ్యాహ్నానికే గదిలో వరసగా కూర్చున్నారు.

లిఫ్టాయన గుమ్మంలో నిలబడి గొంతు సవరించుకున్నాడు. "అత్తయ్యగారూ, మీ వంతయ్యాక నేను ఓ పది నిమిషాలు..."

"రా బాబూ, మా ముగ్గురి తర్వాత నువ్వే" అంది వరసలో మొదటావిడ, పక్కకి జరిగి కాస్త చోటిస్తూ.

కూర్చోబోయాడు. అంతలో అత్తగారి కుర్చీ గిర్రున తిరిగింది, హెడ్‌సెట్ వైరు మెడకి చుట్టుకోబోయింది. ఒక్క గంతులో వెళ్ళి వైరు పట్టుకుని పైకెత్తాడు. ఆవిడ ఎడమకి తిరిగితే తనూ ఎడమకి, కుడికి తిరిగితే కుడికి. వదిలితే చుట్టుకుంటుంది. పట్టుకుంటే కూర్చోడానికి లేదు.

వంటింట్లోంచి వాళ్ళావిడ తొంగి చూసింది. ఓ నిమిషం నిలబడి వెనక్కి తిరిగింది. నవ్వుకి ఆవిడ భుజాలు కదులుతున్నాయి.

"కొంచెం పైకెత్తండి అల్లుడుగారూ" అంది అత్తగారు, ఎక్కడో ఏ లోయ మీదో తేలిపోతూ. "పెద్ద మలుపొస్తోంది."

లిఫ్టాయన మునివేళ్ళ మీద లేచి, చెయ్యి ఇంకాస్త పైకెత్తాడు.